గుడ్లు తప్ప

"గుడ్డు పగిలితే కోడి. ఇదే హుకుం," అన్నాడు జమాదారు, నులకమంచం మీద కాళ్లు బారచాపుకుని.

బస్తరు రాజ్యంలో దొర పర్యటనకు బయల్దేరితే ఊళ్లు రసదు పెట్టాలి. రసదంటే తిండి సామాను, అదీ ఊరికే. కొంటా పక్కన శబరి ఒడ్డునున్న ఈ ఊరి వంతుకు గుడ్లు వచ్చాయి. దొర డేరా ఏమో సుక్మాలో. కావడి భుజాన వేసుకుని రాళ్లదారిలో రోజుల తరబడి నడవాలి. పగలక చస్తాయా? కిందటిసారి సగానికి సగం పగిలాయి. పగిలిన గుడ్డుకో కోడి చొప్పున జమాదారు పట్టుకుపోయాడు. అవి దొర దాకా వెళ్లాయో, దారిలోనే అరిగిపోయాయో ఆయనకే తెలియాలి.

ఇప్పుడు ఇంటికో పెట్ట, ఊరికంతా ఒక పుంజు మిగిలాయి. అవి కూడా పోతే ఈ ఊళ్లో ఇక కోడన్నదే ఉండదు.

సోమక్క ముందుకొచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది.

"ఈసారి ఒక్క గుడ్డు గూడ దెబ్బ తగిలి పగలదు. బుట్ట నేను కడత. కచేరీల పారేసే చెత్త కాగితం ఇప్పియ్యి."

జమాదారు పగలబడి నవ్వాడు. "అరే, కాగజ్‌తో ఏం చేస్తవ్? గుడ్లకు చదువు చెప్తవా?"

"పరుపులు చేస్త. ఇంకో మాట సాబ్. దొరకు కావల్సింది గుడ్లే గద. బుట్టల గుడ్లు తప్ప ఏమున్నా మాదే. మళ్ల మేమే తెచ్చుకుంటం."

"నీ చెత్త ఎవరిక్కావాలె? సర్కారు గుడ్లు తప్ప ఇంకేదీ ముట్టదు. పో!"

ఆ మాట ఊరంతా విన్నది.

చేటల చిల్లులు పూడ్చడానికి కాగితం గుజ్జు మెత్తడం ఆడవాళ్లకు తెలిసిన పనే. సోమక్క దాన్నే పెద్దెత్తున పెట్టుకుంది. కచేరీ కాగితాలు చింపి కుండల్లో నానేసింది. నానిన మెంతులతో కలిపి రోట్లో పోసి దంచింది. హుకుములు, మొహర్లు, సంతకాలు అన్నీ కలిసి బూడిదరంగు ముద్దయ్యాయి. ఆ రోకటిపోట్లు వింటే కోపం ఎవరి మీదో చెప్పక్కర్లేదు. శబరిలో గుడ్డంత గులకరాళ్లు ఏరి తెచ్చి, వాటి మీద గుజ్జు మందంగా మెత్తి ఎండబెట్టింది. రాళ్లు తీసేస్తే మెత్తటి గుంటలు మిగిలాయి. ఒక్కో గుంటకు పుల్లతో చిల్లు పొడిచింది.

"చిల్లు దేనికక్కా?" అంది పక్కింటి హిడ్మే.

"గాలాడాలె."

హిడ్మేకు ఒళ్లు మండింది. "ఆ దొరకు ఇంత సేవ ఎందుకు? బుట్ట మంచిగుంటే మళ్ల మళ్ల అడుగుతడు. దారిల పారేసి పోతే అయిపాయె!"

"పారేస్తే నీ పెట్ట పోతది. నోరు మూసుకుని దంచు. దొర పంటికింద ఈ ఊరి గుడ్డు పడితే నా పేరు సోమక్కే గాదు."

హిడ్మేకు అర్థం కాలేదు. అయినా దంచింది.

పరుపులు ఎప్పుడో ఎండాయి. ఇంకా పచ్చిగానే ఉన్నాయని సోమక్క జమాదారును తిప్పుతూ వచ్చింది. బయల్దేరే పొద్దున మాత్రం, గుడ్లెవరూ తేవద్దని చెప్పి తానే ఇల్లిల్లూ తిరిగి ఏరుకొచ్చింది. ఆడవాళ్లు ఏడుపు మొహాలతో ఇచ్చారు. సోమక్క చేతుల నిండా ఎర్రటి గాట్లు. ఊళ్లో పెట్టలన్నీ ఒకటే గోల.

జమాదారు ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఊపి చూద్దామని.

"ఊపు సాబ్. పగిలితే కోడి నువ్వు పెట్టాలె. నీ హుకుమే గద," అంది సోమక్క.

ఆయన మొహం మాడ్చుకుని గుడ్డును గుంటలో పెట్టేశాడు.

కావడి మోసేది ఆమె మొగుడు రామనర్సయ్య. సోమక్క అతని వెంట ఊరి పొలిమేర దాకా నడిచింది.

"మిట్టమధ్యాన్నం ఎండల దించకు. రాత్రి గొంగడి కప్పు. పూటపూటకు కాగితం మీద నీళ్లు చిలకరించు. వచ్చేటప్పుడు బుట్ట ఇంకా పైలం."

"యాదున్నదే. ఎన్నిసార్లు చెప్తవు?"

ఎండలు మండిపోతున్నాయి. జమాదారు గుర్రం మీద ముందు, రామనర్సయ్య వెనక. ఎన్నడూ గొంతెత్తని మనిషి, సుక్మా దగ్గరపడే కొద్దీ పాటలు అందుకున్నాడు. ఒకటి అయిపోగానే ఇంకోటి, అదీ గొంతు చించుకుని.

"చుప్ రహో!" అన్నాడు జమాదారు.

"బరువు తెలవకుండ పాడుకుంటున్న సాబ్," అని ఇంకా గట్టిగా ఎత్తుకున్నాడు.

డేరా ముందు దొర కుర్చీ వేయించుకున్నాడు. వంటవాడు పొయ్యి మీద బాణలి పెట్టి వచ్చి, బుట్ట మీది కాగితం పరుపు ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

"పగిలినయా?" అన్నాడు జమాదారు ఆశగా. ఊళ్లో మిగిలిన పెట్టలన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి.

"అన్నీ పగిలినయ్," అన్నాడు వంటవాడు.

రామనర్సయ్య నవ్వు దాచుకోలేదు. "దెబ్బ తగిలి గాదు సాబ్, చూసుకోండ్రి. గుడ్లు తప్ప మిగిలింది మాదేనన్నరు," అంటూ కావడి ఎత్తుకోవడానికి వంగాడు.

కాగితం గుంటల్లో గుడ్లన్నీ లోపలి నుంచే పగిలాయి, గుంటకొకటి చొప్పున తడి ఆరని కోడిపిల్లలు తలలెత్తి కియ్ కియ్ మంటున్నాయి.