తుడిచిన పేజీ

“ఏందప్పా ఇది? బొమ్మ లేదు, గంట లేదు. ట్యాబు చెడిపోయిందా?” గేటు దగ్గర కాపలా ఉండే తిప్పేశ్ రేకుల గదిలోకి తొంగి చూశాడు.

యోగానంద తల ఎత్తలేదు. వల్లూరు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగేవాళ్లకు అతను సూపర్‌వైజరు. ఊరు మంగళవాడ. పొద్దున తొమ్మిదికి బల్ల ముందు కూర్చున్నవాడు పన్నెండైనా లేవలేదు.

“చెడిపోలేదు. నెట్టులో రాసేదానికని పెట్టినారు. ఒట్టి తెల్ల పేజీ. మెసేజీలు అగుపడవు, రంగులుండవు. మనసు ఆడికీ ఈడికీ పోదు. రాయాల్సిందొకటే ఎదురుగా ఉంటాది.”

“రాసింది దాచిపెట్టేది యాడ?”

“ఆ బటన్ కూడా లేదు. పోతే పోయినట్టే.”

“మా మామ కట్టిన ఇల్లు మాదిరి ఉండాది. కిటికీ లేదు, గూడు లేదు. దుమ్ము రాదు, నిజమే. దీపం పెట్టేదానికీ చోటు లేదు.” తిప్పేశ్ నవ్వుకుంటూ గేటు దగ్గరికి పోయాడు.

వాకిట్లో బకెట్ కడుగుతున్న కెంచమ్మ అంతా విన్నది. అతను రాయాల్సింది ఏమిటో ఆమెకు తెలుసు. తెల్లవారుజామున ఆమె బ్రష్షు కర్ర ఇనుప కొస తగిలి ఒక ప్యానెల్ అద్దం పగిలింది. ఎవరూ చూడలేదు. ఆమే వచ్చి చెప్పింది. పగలగొట్టిన మనిషి పేరు రిపోర్టులో పడితే మర్నాటి నుంచి గేటు పాసు ఉండదు. ఆమె కడిగే ప్యానెళ్ల వరసలున్న నేల ఒకప్పుడు అత్తగారి వేరుశనగ చేను. దానికి పార్కువాళ్లు ఇచ్చే కౌలు మరిది పేరున వస్తుంది. ఆమెకున్నది ఈ పనే.

“రాస్తాండావా అప్పా?” గడప దగ్గర నిలబడి అడిగింది.

“ఊఁ.”

“నా పేరు పెట్టక తప్పదా?”

“పెట్టమన్నారక్కా. ఆఫీసు నుంచి సునీల్‌కుమార్ సారు రెండుసార్లు ఫోను చేసినాడు. రెండు గంటలకల్లా పంపాలంట.”

“అయితే నిజమే రాయి. పగలగొట్టింది నేనే గదా.”

యోగానంద మళ్లీ ట్యాబు మీదికి వంగాడు.

ఒంటిగంటన్నర దాటాక నీళ్ల ట్యాంకరు వచ్చిందని బయటికి పోయాడు. కెంచమ్మ చీపురు తీసుకుని లోపలికి వచ్చింది. బల్ల మీద ట్యాబు వాకిలి ఎండకు మెరుస్తోంది. అద్దం నిండా దుమ్ము. అద్దం మీద దుమ్ము కనిపిస్తే ఆమె చేయి ఆగదు. ఆరేళ్ల అలవాటు. భుజం మీది తడిగుడ్డతో, ప్యానెల్ తుడిచినట్టే, పైనుంచి కిందికి తుడిచింది. మూల మిగిలితే మళ్లీ తుడిచింది.

ఆ తర్వాతే చూసింది. పేజీ కడిగిన పళ్లెంలా ఉంది.

యోగానంద వచ్చేసరికి గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది.

“తుడిచేసినా అప్పా. కావాలని కాదు. నీ రాతంతా పోయింది. నా పేరుందని చేసినా అనుకోవద్దు.”

అతను ట్యాబును చూశాడు. ఆమెను చూశాడు. గుడ్డను చూశాడు. ఫోను తీశాడు.

“సార్, రిపోర్టు పోయింది సార్. అంతా. అద్దం తుడవబోతే పోయింది... నా చేతనే సార్... లేదు సార్, దాంట్లో సేవ్ ఉండదు... అవును సార్, ఆఫీసు ఫారంలోనే రాసుండాల్సింది.”

అవతలి కేకలు గదంతా వినిపించాయి. కెంచమ్మ తల దించుకుంది. కేకలు అయ్యాక సునీల్‌కుమార్ టైము చూసుకున్నట్టుంది. ఈ నెల పగిలిన ప్యానెళ్ల లిస్టు పది నిమిషాల్లో పైకి పోవాలన్నాడు. మళ్లీ రాస్తూ కూర్చుంటే కుదరదు, కారణం తెలియదని ఒక్క ముక్క మెసేజ్ పెట్టు, లిస్టు మూసేస్తాను అన్నాడు.

యోగానంద పెట్టాడు. జవాబు వచ్చేదాకా ఫోను చేతిలోనే ఉంచుకున్నాడు.

“ఇంక నా పేరు?”

“లిస్టు మూసినాడక్కా. ఇంకెవురూ అడగరు. రేపు మామూలుగా రా.”

కెంచమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“పొద్దున్నుంచి కూడు ముట్టకుండా రాసినావు. అంతా నా చేత పాడైపాయె. తిట్లు నీకు పడె.”

“పోనీలేక్కా.”

“ఎన్ని పేజీలైనాయో ఏమో.”

“ఇంటికి పో అక్కా. ఎండ ముదిరింది.”

గేటు దగ్గర తిప్పేశ్ ఆమెను ఎగాదిగా చూశాడు. “ఏందక్కా, మొహంలో లైటు వెలగతాంది. మన ఊరికి గానీ కరెంటు వదిలినారా?”

ఆ రోజుకి మొదటిసారి ఆమె నవ్వింది.

రేకుల గదిలో యోగానంద ట్యాబు పక్కకు జరిపి క్యారియర్ మూత తీశాడు. ఆకలి అప్పుడు తెలిసింది.

పొద్దున్నుంచీ అతను ఒక్క అక్షరం కూడా రాయలేదు.