ముందు పాతది, తర్వాత కొత్తది

"నేను సంతకం పెట్టను వదినా. ఇంకోసారి నడపాల్సిందే."

"మూడుసార్లు నడిపాం కదా! మూడుసార్లూ నీ నాలుగో వెర్షన్‌కి ముప్పై ఎనిమిది నిమిషాలు, నా ఐదోదానికి పదకొండు. ఇంకా ఏం కావాలి తల్లీ నీకు, బ్యాండుమేళమా?"

ఇంట్లో ఒకే కంచంలో తినే వదినా ఆడపడుచులు వాళ్ళు. ఆఫీసు గుమ్మం దాటితే మాత్రం ఎవరి పంతం వాళ్ళది. ఎక్కడైనా ఒక ప్రోగ్రాము ఉన్నట్టుండి కుప్పకూలితే, ఆ క్షణాన దాని మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలులో పడుతుంది. క్రాష్ డంప్ అంటారు దాన్ని. ఆ ఫైలు తెరిచి ప్రోగ్రాము ఎందుకు కూలిందో చెప్పే డీబగ్గరు ఆ కంపెనీ సరుకు. నాలుగో వెర్షన్ ఆడపడుచు రాసింది. ఐదోది వదిన రాసింది. ఒకే డంప్ ఇస్తే ఏది త్వరగా జవాబు చెబుతుందో అదే నిలుస్తుంది. సాయంత్రం ఐదింటికల్లా ఆడపడుచు సంతకం పడితే నాలుగు చెత్తబుట్టలోకి పోతుంది, దాంతోపాటు ఆమె ఏడేళ్ళ కష్టమూ పోతుంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "చూడండి మేడమ్, ఓడిపోవడం తప్పేం కాదు. అప్పట్లో మీ నాలుగు గెలిచినప్పుడు మాస్టారు ఎంత హుందాగా తప్పుకున్నారు!"

మాస్టారంటే మూడో వెర్షన్ రాసిన పెద్దాయన. ఆడపడుచుకి పని నేర్పింది ఆయనే. మూడు ఓడిపోయిన రోజున కిమ్మనకుండా సంతకం పెట్టి, అప్పట్నుంచి మూల బల్ల దగ్గర కస్టమర్ల ఫోన్లు ఎత్తుతున్నాడు. ఇప్పుడూ ఫోనులోనే ఉన్నాడు. "కంగారు పడకండి, ఆ ఫైలు నాకు పంపించండి" అంటున్నాడు.

"నేను హుందాగా తప్పుకోను. నా కళ్ళముందు ఓడిపోతే అప్పుడు చూద్దాం" అంది ఆడపడుచు.

కంపెనీ పద్ధతి ప్రకారం మిషన్లో ఉన్నదంతా చెరిపేసి శుభ్రంగా తుడిచింది. ముందు పాత వెర్షన్, తర్వాత కొత్త వెర్షన్. రెండిటికీ డంప్ ఒకటే. ఈసారి తెర వంక చూడలేదు, కుర్చీ వెనక్కి లాక్కుని మిషన్ వీపు వైపు కూర్చుంది. ఎక్కడ మోసం జరుగుతోందో తేల్చకుండా లేవకూడదనుకుంది.

నాలుగు నడుస్తున్నంతసేపూ నెట్‌వర్క్ వైరు దగ్గరి చిన్న దీపం టపటపా కొట్టుకుంది. ఐదో వెర్షన్ మొదలయ్యాక ఆ దీపం ఒక్కసారి కూడా కదల్లేదు.

ఆమె దిగ్గున లేచింది. "దొరికింది వదినా!"

"ఏం దొరికింది?"

"డంప్‌లో ఉండేవి అంకెలేగా! ఏ అంకె ఏ ఫంక్షనో చెప్పే సింబల్ ఫైళ్ళు సర్వరు నుంచి దించుకోవాలి. ముందు నడిచిన నాది వాటినన్నిటినీ దించి మిషన్లో పెట్టింది. తర్వాత వచ్చిన నీది వాటిని ఉన్నపళాన వాడేసుకుంది. కూరలు తరిగి, పొయ్యి వెలిగించి, వండింది నాది. నీది వచ్చి గరిటె తిప్పి వంట నాదేనంది!"

వదిన మొహం ఎర్రబడింది. కానీ ఆవిడా తక్కువదేం కాదు. "అయితే ప్రతి వెర్షన్‌కీ ముందు మిషన్ తుడువు. ఎవరి వంట వాళ్ళే వండుకుంటారు."

తుడిచి నాలుగో వెర్షన్ నడిపారు, ముప్పై ఎనిమిది నిమిషాలు. మళ్ళీ తుడిచి ఐదోది నడిపారు, నలభై ఒకటి.

వదిన కుర్చీలో కూలబడింది. ఆడపడుచుకి ఏనుగెక్కినంత సంబరమైంది, ఆ సంబరంలోనే కోపమూ ముంచుకొచ్చింది.

"ఇంత గుడ్డి పద్ధతి రాసిన మహానుభావులెవరండీ? నా నాలుగుని నిష్కారణంగా చంపేసేవాళ్ళు! వాళ్ళెవరో తెలియాలి. ఇక్కడే, అందరి ముందూ, ఓడిపోయినవాళ్ళకి క్షమాపణ చెప్పాలి."

"చెప్పాల్సిందే" అంది వదిన, నీరసంగానైనా గట్టిగా. "నా పరువూ తీశారు."

మేనేజరు పద్ధతి కాగితాన్ని తెర మీదకి తెచ్చాడు. 'మిషన్ తుడవాలి. ముందు పాతది, తర్వాత కొత్తది.' ఇంకా కిందికి జరిపాడు. ఆగిపోయాడు. తెరని ఆడపడుచు వైపు తిప్పాడు.

అడుగున ఉన్న సంతకం ఆడపడుచుదే. తారీఖు ఏడేళ్ళ కిందటిది, ఈ పద్ధతిలోనే మూడు మీద నాలుగు గెలిచిన వారానిది.

మూల నుంచి మాస్టారి గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "లేదండీ, మీ తప్పేం లేదు. అలా జరుగుతూ ఉంటాయి."

వదిన లేచి వచ్చి ఆడపడుచు భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేవే. ఇప్పుడవన్నీ తవ్వుకోవడమెందుకు? ఐదు ఓడింది, నీ నాలుగు నిలబడింది. అక్కడితో ఆపేద్దాం."

"కాదు వదినా. నడపాల్సిందే."

ఆమె మిషన్ని మళ్ళీ తుడిచింది. పాత డిస్కులోంచి మూడో వెర్షన్ని వెతికి తీసి, అదే డంప్ ఇచ్చి, గడియారం నొక్కింది. చిన్న దీపం టపటపా కొట్టుకోవడం మొదలైంది. మూల బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది. ఎత్తాల్సిన మనిషి లేచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

ఇరవై రెండో నిమిషంలో మూడు జవాబు చెప్పేసింది.