వసారాలో పిల్లలు

డ్రమ్ములు మోగగానే నా కూతురు తీరిల్ చెవులు మూసుకొని కేక పెట్టింది.

"కాసేపు బయటికి తీసుకెళ్లు తల్లీ," అంది అస్లాగ్ నా చెవిలో. ఊళ్లోని ఆటిజం పిల్లలకు సాయం కోసం చర్చిలో ఈ కచేరీ పెట్టించింది ఆవిడే. "చివరి పాటకు ముందు తల్లిదండ్రుల తరఫున కృతజ్ఞతలు చెప్పాల్సింది నువ్వే, మరిచిపోకు."

అందరికీ క్షమాపణ చెప్పుకుంటూ తీరిల్‌ను వసారాలోకి తెచ్చాను. అక్కడ, నాలాగే బయటికొచ్చేసిన యోస్టైన్ కొడుకు తగిలించిన కోట్ల మధ్య గిరగిరా తిరుగుతున్నాడు. మరో తల్లి బెరిత్ కవలలు కాఫీ బల్ల కింద దూరారు.

"నువ్వూ వచ్చేశావా, ఇంగున్? రా రా," నవ్వాడు యోస్టైన్. "మనవాళ్లంతా ఇక్కడే. లోపలివాళ్లు వచ్చేలోగా బల్ల మీది వాఫిల్ అట్లు లాగించేద్దాం."

"మరి లోపలున్నదెవరు?"

"మన పిల్లల మీద జాలిపడేవాళ్లు."

నవ్వబోయాను, రాలేదు. ప్రభూ, నీ ఇంట్లో వీళ్ల చోటు ఇదేనా?

తలుపు తెరుచుకుంది. "ఇంగున్, నీ వంతొచ్చింది. త్వరగా!" అంది అస్లాగ్.

తీరిల్ చెయ్యి వదలకుండా అన్నాను, "పిల్లలంతా ఇక్కడున్నారండీ. చివరి పాట గాయకులను ఇక్కడికొచ్చి పాడమనండి. డ్రమ్ములు మాత్రం వద్దు."

అస్లాగ్ కోట్ల వైపు, బల్ల కిందికి చూసింది. వసారాలోకొచ్చి మెల్లగా తలుపు మూసింది.

"డ్రమ్ములు ఎందుకు వద్దు?" అంది.

మా పిల్లల గురించి ఆవిడ మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న అది.