రెండుసార్లు గుంజితే

దేవరకొండ బయట పాత క్వారీ గుంతలో ఊరి చెత్తంతా పోస్తారు. తెల్లవారితే దానికి నిప్పు పెడతారు. ఆలోగా సీసాలు, ఇనుప ముక్కలు ఏరుకొచ్చి అమ్ముకోవాలని వెంకటయ్య నడుముకు తాడు కట్టుకుని, కందిలి దీపం పట్టుకుని లోపలికి దిగాడు. పైన అతని భార్య గోపమ్మ తాడు రెండో కొసను మణికట్టుకు ముడేసుకుని కూర్చుంది. కింది నుంచి రెండుసార్లు గుంజితే "పైకొస్తున్న" అని. పై నుంచి రెండుసార్లు గుంజితే "రా" అని. పదేళ్లుగా వాళ్లకదే మాట.

గుంతలో సీసాలు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆమెకు ధైర్యంగానే ఉంది.

"నడువే, ఇంటికి పోదాం."

గోపమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. కందిలితో వెంకటయ్య నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడొచ్చినవయ్యా?"

"తాడు ఎప్పుడో ఇప్పేసిన. అవుతలి బాటన ఎక్కొచ్చిన."

"మరి కింద ఏరుతున్నదెవరు?"

అతనూ విన్నాడు. సీసాల చప్పుడు ఆగలేదు.

"ముడి ఇప్పు. జల్ది!"

ఆమె ముడి విప్పుతుండగానే తాడు రెండుసార్లు కదిలింది. వెంకటయ్య వద్దనేలోపే, అలవాటు కొద్దీ, గోపమ్మ చెయ్యి తిరిగి రెండుసార్లు గుంజింది.

చప్పుడు ఆగిపోయింది. తాడు మెల్లగా బరువెక్కింది.