కామందు గారి కారు

హారన్ మోగింది.

ముమ్మిడివరం రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో శారోన్ ఎగిరి గంతేసింది.

"మోగింది డాడీ!"

బానెట్ కిందనుంచి తల పైకెత్తి మత్తయి నవ్వాడు.

రిటైరైన హెడ్మాస్టరుకి ఈ కారు పిచ్చేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. కాలేజీలో పాఠాలు చెప్పుకునే పిల్ల సెలవొస్తే చాలు ఒంటినిండా గ్రీజు పూసుకుంటుందేమిటని చర్చిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. తండ్రీకూతుళ్ళు ఎవర్నీ పట్టించుకోలేదు. తుప్పు గీకారు. అడుగు రేకులు మార్పించారు. ఇంజను విప్పి, తిట్టుకుంటూ మళ్ళీ బిగించారు. వెనక సీటుకి మాత్రం మత్తయి దగ్గరుండి కొత్త గుడ్డ కుట్టించాడు.

ఆ అంబాసిడర్ ఒకప్పుడు వాళ్ళ ఊరి కామందుది. కామందు శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళాలంటే, తెల్లారకముందే దాన్ని కడిగి తుడిచేది మత్తయి తండ్రి. కడగడమే గాని ఏనాడూ అందులో ఎక్కి ఎరగడు. ఆ మంట మత్తయి కడుపులో ఇన్నేళ్ళూ ఆరలేదు. కామందు మనవలు కారుని పాత ఇనుముకి వేస్తున్నారని తెలిసి పరుగెత్తుకెళ్ళి తెచ్చుకున్నాడు.

నాన్నని ఎక్కనివ్వని కారులో అమ్మ దర్జాగా వెనక కూర్చుని వచ్చే ఆదివారం చర్చి ముందు దిగాలి. అతనికి కావలసింది అంతే. తల్లి కరుణమ్మకి ఈ సంగతి చెప్పకుండా దాచాడు.

హారన్ చప్పుడుకి రోడ్డు మీద ఒక సైకిలు ఆగింది. ఒక ముసలాయన దిగి షెడ్డు గుమ్మంలోకొచ్చాడు.

"ఎవరండీ తాతగారూ?" అంది శారోన్.

"ఆయ్, నా పేరు తాతబ్బాయండి. ఆ హారన్ నేను రాజమండ్రిలో కొనుక్కొచ్చి బిగించిందమ్మా. ఈ కారుకి డ్రైవర్ని నేనే."

"అయ్యో, లోపలికి రండి! ఆదివారం మా మామ్మని ఇందులోనే చర్చికి తీసుకెళ్తున్నాం."

"మామ్మగారంటే?"

"కరుణమ్మగారు."

ముసలాయన మొహం వెలిగిపోయింది.

"ఉన్నారా ఆవిడ! మేస్టారండీ, ఒక్క మనవి. ఆ రోజు కారు నన్ను తోలనివ్వండి. చర్చి దాకానే. నాకేం ఇవ్వక్కర్లేదండి."

మత్తయి చేతిలోని స్పానరు కింద పడేశాడు.

"మా నాన్న కారు కడుగుతుంటే బీడీ కాల్చుకుంటూ చూసింది నువ్వే కదా? కాలవగట్టు మీద హారన్ కొట్టి మమ్మల్ని బురదలోకి దిగేలా చేసింది నువ్వే కదా?"

"ఆయ్. నేనేనండి. కాదన్లేను. కానండీ, మీ నాన్నగారూ నేనూ..."

"మా నాన్న పేరు నీ నోట రాకూడదు! అప్పుడు వాళ్ళకి తోలావు. ఇప్పుడు మాకు తోలతావా? దీని మీద చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు."

తాతబ్బాయి సైకిలు తిప్పుకున్నాడు.

"తాతబ్బాయి అడిగేడని అమ్మగారితో చెప్పండి చాలు," అని వెళ్ళిపోయాడు.

మత్తయి చెప్పలేదు. శారోన్‌నీ చెప్పనివ్వలేదు.

"పెద్దాయన కదా డాడీ, పాపం," అన్నందుకు ఆ పూటంతా కూతురితో మాట్లాడలేదు.

శారోన్‌కి మనసు ఒప్పలేదు. శనివారం ఎవరికీ చెప్పకుండా ముసలాయన ఊరేదో కనుక్కుని వెళ్ళి వాకబు చేసింది. తిరిగొచ్చి కారు అద్దాలు తుడుస్తూ కూర్చుంది.

"ఏమిటలా ఉన్నావు?" అన్నాడు మత్తయి.

"ఆ తాతగారు పోయేరంట డాడీ. నిన్న పొద్దున్న."

మత్తయికి ఎక్కడో కలుక్కుమంది. కామందుల మనిషేగా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం కరుణమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని వాకిట్లోకొచ్చింది. ఎదురుగా కారు తళతళలాడుతోంది. మత్తయి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కమ్మా."

ఆవిడ కదల్లేదు.

"ఇది కామందు గారి కారు కదరా?"

"ఇప్పుడు మనదే. నాన్న ఎక్కని కారు, నువ్వయినా ఎక్కాలని..."

"ఎక్కలేదని నీకెవరు చెప్పేరు?"

మత్తయి తెల్లబోయి చూశాడు.

కరుణమ్మ వంగి కొత్త సీటు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడే పడుకోబెట్టేం. తల నా ఒళ్ళో ఉంది. కొబ్బరిచెట్టు మీంచి పడ్డ మనిషిని అమలాపురం దాకా ఎలా తీసుకెళ్ళేమని ఒక్కనాడైనా అడిగేవా నువ్వు?"

అడగలేదు. అతను హాస్టలు నుంచి వచ్చేసరికే సమాధి చేసేశారు. ఆ తర్వాత కామందు ఊసెత్తితే చాలు మండిపడేవాడు. దాంతో ఆవిడా నోరు మెదపలేదు.

"కామందు పంపేడా?" అన్నాడు మత్తయి పీలగా.

"ఆయనా! కారు మైలపడిపోతుందని వీధిలోకొచ్చి కేకలేసేడు."

"మరి?"

"డ్రైవరు తాతబ్బాయి విన్లేదు. మీ నాన్నని రెండు చేతులా ఎత్తి లోపల పెట్టి తోలుకెళ్ళిపోయేడు. దారిలోనే ప్రాణం పోయింది, అతనేం చేస్తాడు!"

శారోన్ మొహం పక్కకి తిప్పుకుంది. మత్తయి పట్టుకున్న తలుపు వదల్లేదు.

"ఎక్కడున్నాడో కనుక్కుని పిలుచుకురా నాన్నా, అతను తోలితే ఎక్కుతాను," అంది కరుణమ్మ. "కామందుకి జడిసి, ఆ మర్నాటి నించీ ఈ చుట్టుపక్కల ఒక్కడు కూడా అతన్ని స్టీరింగు ముట్టుకోనివ్వలేదురా."