స్టోర్‌రూమ్ నుంచి ఫోను

ఫోనెత్తగానే మాస్టారికి ముందు వినిపించింది మనిషి గొంతు కాదు, తలుపు మీద సుత్తి దెబ్బ.

"అన్నయ్యా, కెమెరా పెట్టెలోంచి ఒక వీడియో బయటికి పంపాలి. ఏం టైపు చెయ్యాలో తొందరగా చెప్పండి," అంది ఒక ఆడగొంతు. మళ్ళీ ధడేలుమంది తలుపు.

ఇళ్ళకి కెమెరాలమ్మే కంపెనీ అది. ఆ కెమెరాల రికార్డింగంతా ఒక పెట్టెలో దాగుతుంది. పెట్టెకి మౌస్ ఉండదు, బొమ్మలుండవు, నల్ల తెరా తెల్ల అక్షరాలూ తప్ప. దాని ముందు బిక్కమొహం వేసినవాళ్ళకి ఏ కమాండ్ కావాలో ఫోన్లో చెప్పడం ఆయన ఉద్యోగం. తెర మీద ఏముందో చదివించుకుని, అక్షరం అక్షరం పలికి మరీ చెబుతారు గనక ఆఫీసంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది.

రూలు ప్రకారం ముందు కస్టమర్ నంబరు అడిగారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. అడిగాక ఆయనకే సిగ్గేసింది. ఆమె నంబరు గడగడా చెప్పేసి, సంగతి కూడా అంతే వేగంగా చెప్పింది. పొద్దున మొగుడు బెల్టుతో కొట్టాడు. జుట్టు పట్టుకుని తల గోడకేసి బాదాడు. అదంతా హాల్లో కెమెరాకి చిక్కింది. పెళ్ళాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఆ మహానుభావుడే పెట్టించిన కెమెరా అది. ఇంతకుముందు రెండుసార్లు పోలీసుల దగ్గరికి వెళ్తే ఆధారమేదమ్మా అన్నారు. ఈసారి ఆధారం ఉంది, పెట్టెలో. పెట్టె ఉన్న స్టోర్‌రూమ్‌లోకి దూరి గడియ పెట్టుకుంది. అతను లోపలికొస్తే ముందు పెట్టెని, తర్వాత తనని పగలగొడతాడు. ఈలోగా వీడియో తమ్ముడికి చేరాలి.

మాస్టారు ఆ నంబరు మీదున్న చిరునామా కాగితమ్ముక్క మీద గీకి, పోలీసులకి ఫోన్ చెయ్యమని పక్క సీటావిడకి సైగ చేశారు. తమ్ముడి మెయిల్ చిరునామా పెట్టెలో ముందే ఉందో లేదో కనుక్కున్నారు. ఉంది.

"సెండ్ అని టైపు చెయ్యండి. ఒక ఖాళీ. తర్వాత ఫైల్‌నేమ్. ఎంటర్ నొక్కండి."

"అలాంటిదేదీ లేదంటోంది అన్నయ్యా."

"ఏం టైపు చేశారో చదవండి."

"సెండ్. ఖాళీ. ఫైల్‌నేమ్."

పదిమందిలో నలుగురు చేసే పొరపాటే. పేరు టైపు చెయ్యమంటే 'పేరు' అనే టైపు చేస్తారు. ఇంకోరోజైతే ఫోన్ పెట్టేశాక పక్కవాళ్ళకి చెప్పుకుని నవ్వుకునేవారు.

"తప్పు నాదేనమ్మా. ఫైల్‌నేమ్ అంటే ఆ మాట కాదు, నీ వీడియోకి ఉన్న పేరు. లిస్ట్ అని కొట్టు, పేర్లన్నీ వస్తాయి." తెలియకుండానే మీరు కాస్తా నువ్వైపోయింది.

ఇవాళ్టి తేదీతో మొదలయ్యే బారెడు పేరు దొరికింది. అంతా టైపు చెయ్యనక్కర్లేదనీ, మొదటి నాలుగంకెలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది పెట్టే పూర్తిచేసుకుంటుందనీ చెప్పారు. బయట వాడు ఆమె పుట్టింటివాళ్ళ ఏడుతరాల్నీ తిట్టి, తలుపు తీస్తావా, దాంతోపాటు నిన్నూ చీల్చమంటావా అని అరుస్తున్నాడు. చెక్క ఫెళ్ళున విరిగింది.

"చెయ్యి లోపలికి పెట్టాడు. గడియ వెతుకుతున్నాడు."

"అటు చూడకు. తెర చూడు. ఎంత శాతం?"

"నలభై."

"చదువుతూనే ఉండు తల్లీ."

అరవై అంది. ఎనభై అంది. ఏడుస్తూ తొంభై రెండు అంది. చివరికి, చేరిందని వచ్చిందన్నయ్యా అంటుండగానే తలుపు కూలింది. ఫోను కిందపడింది.

తర్వాతవన్నీ చప్పుళ్ళే. ఆమెని హాల్లోకి ఈడ్చుకెళ్ళిన చప్పుడు. చెంపదెబ్బ. ఆమె కేక. గాజుసామాను భళ్ళుమంది, ఇనుపవస్తువేదో నేలమీద ఖంగున మోగింది. రెండు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత గోనెసంచిని రోకలితో మోదినట్టు దెబ్బలు మొదలయ్యాయి. తొందర లేని దెబ్బలు. మాస్టారు లేచి నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకి మూలుగు ఆగింది. దెబ్బలు ఆగలేదు. తొమ్మిది దాకా లెక్కపెట్టి ఆయన కళ్ళు మూసుకున్నారు. కిటికీ ఏదైనా ఉంటే దూకి పారిపొమ్మని చెప్పాల్సింది, శాతాలు చదివిస్తూ కూర్చోబెట్టానే అని కుమిలిపోయారు. వీడియో దక్కింది, మనిషి పోయింది.

అడుగులు నెమ్మదిగా దగ్గరికొచ్చాయి. ఎవరో ఫోనందుకున్నారు. రొప్పుతున్న ఊపిరి.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎవర్నీ ఒక్కమాట తూలని మనిషి పళ్ళు కొరికారు.

"ఒరే, వీడియో చేరిపోయిందిరా. నీ బతుకిక జైల్లోనే తెల్లారుతుంది."

"అన్నయ్యా, నేనే."

ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడి, భయపడొద్దనీ, పోలీసులు బయల్దేరారనీ చెప్పారు.

"ఎంతసేపట్లో వస్తారు?"

"పావుగంట పట్టదమ్మా. ఇంతకీ వాడేడీ?"

"హాల్లో పడున్నాడు. ఇంక లేవడు." ఆమె గొంతులో ఇప్పుడు వణుకు లేదు. "తమ్ముడికి వెళ్ళింది వెళ్ళిందిగా. ఈ పెట్టెలో చివరి పది నిమిషాలు మాత్రం లేకుండా చెయ్యాలంటే ఏ కమాండివ్వాలన్నయ్యా?"