ఇడి

తల తిప్పి చూసిన దాసప్పకు, కారు కింద తాను పెట్టిన కొయ్య దిమ్మెలు కనిపించలేదు.

వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఛాతీకి మూరెడు ఎత్తులో బండి అడుగు ఇనుము. ఆయిల్ ఎక్కడ కారుతోందో చూడాలని ఇంజను ఆన్‌లోనే ఉంచాడు. ఆ హోరులో దిమ్మెలు జరిగిన చప్పుడు వినపడలేదు.

"డ్రైవరప్పా! దిమ్మెలు యాడ?"

"నేనే తీసినా" అన్నాడు యువరాజ్ డ్రైవరు సీట్లో నుంచి. మదనపల్లె పట్టు వ్యాపారి దగ్గర కొత్తగా చేరిన డ్రైవరు. ఆ పొద్దున్నే బండిని పుంగనూరులోని దాసప్ప షెడ్డుకు తెచ్చాడు. "బండిని లేపే పిడిని టవలుతో పైకి కట్టేసి, దిగొచ్చి లాగేస్తి. ఇప్పుడు టవలు గూడా ఇప్పేసినా. పిడి నా చేతిలో ఉండాది."

"తమాసాలు వద్దప్పా! ఈ బండి సంగతి నీకు తెల్దు."

"యాల తెల్దు? స్ప్రింగులు లేవు, ఆయిల్ ప్రెషర్ మీద లేస్తాది. పిడి కాడ గాడి అరిగిపోయింది. పైకి లాగి పట్టుకోవల్ల. వదిల్తే కూలబడతాది. మా గణేష్ మీద కూలబడినట్ల."

దాసప్ప చేతిలోని స్పానర్ జారిపోయింది.

గణేష్ ఈ షెడ్డులోనే మెకానిక్‌గా ఉండేవాడు. విదేశాల నుంచి వచ్చిన ఈ బండి అతనికి తప్ప ఇంకెవరికీ లొంగేది కాదు. కిందటేడు, రెండు వేల సంవత్సరం ఎండాకాలంలో, దిమ్మెలు పెట్టకుండానే దీని కింద దూరాడు. పిడి పట్టుకున్నది దాసప్ప. బండి కాస్త ఊగింది. భయంలో గణేష్‌కు ఇంటి భాషే నోటికొచ్చింది.

"ఇడి! ఇడి!" అని అరిచాడు.

కుప్పం దగ్గర కన్నడం మాట్లాడే ఇల్లు వాళ్లది. వాళ్లింట్లో 'ఇడి' అంటే పట్టుకో. పుంగనూరులో 'ఇడు' అంటే వదిలెయ్.

దాసప్ప వదిలేశాడు.

పీలేరు వైపు నుంచి వచ్చినవాణ్ణి, కన్నడం ముక్క రాదు అని పోలీసుల ముందు తల బాదుకుని ఏడ్చాడు. అతని నోట ఆ భాష ఎన్నడూ వినలేదని చుట్టుపక్కల షాపులవాళ్లూ చెప్పారు. మాట తేడా వల్ల జరిగిన ప్రమాదమని కేసు మూసేశారు. ఆ తర్వాత దాసప్ప షెడ్డులో గణేష్ ఫోటో పెట్టించాడు. రోజూ దండ మారుస్తాడు. దిమ్మెలు లేకుండా ఎవరినీ బండి కిందికి పోనివ్వడు.

"నువ్వు... గణేష్ వాళ్లన్నవా?"

"ఈ బండి డ్రైవర్ పని దొరికేదాకా కాసుకోనుంటి. మదనపల్లె ఆస్పత్రిలో సూస్తిని వాన్ని. సొక్కా గుండీలు ఎదలో దిగబడుండాయి."

"నా తోడబుట్టినోని మాదిరి సూసుకుంటినప్పా. తెలీక జరిగింది. నన్ను సంపితే వాడు తిరిగొస్తాడా?"

"రాడు. నువ్వు పోతావు గదా, అది సాలు."

దాసప్ప మోచేతుల మీద మెల్లగా పక్కకు జరగబోయాడు.

"కదలద్దు. నువ్వు బయటికొచ్చేలోపల నా చెయ్యి ఇడిసేస్తాది."

"దేవుని మీద ఆనప్పా, నేను కావాలని..."

"ఆనలు యాల? అరుచు. వాడు అరిసినట్ల అరుచు. రేపు పోలీసోళ్లకి నేనూ సెప్తాలే. సార్, నాకు తెలుగు సరిగా రాదు, కిందినుంచి ఏందో అరిసినాడు, వదిలేస్తి అని."

యువరాజ్ వేళ్లు సడలించాడు.

బండి బుస్సుమంటూ దిగింది. బోల్టు ఒకటి దాసప్ప చొక్కాను తాకింది. ఇంకాస్త దిగింది. పక్కటెముకల మీద బరువు పడింది.

"బిడబేడప్పా! కై ముగితీని, బిడబేడ!"

పిడి ఆగింది. బండి ఆగింది.

"వదలద్దని దండం పెడతాండావే, ఇదేం బాసప్పా?" అన్నాడు యువరాజ్ మెత్తగా.

దాసప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఊపిరి తీసుకోవడానికి కూడా చోటు చాలడం లేదు.

"మాయమ్మ బాస... కన్నడమే... బండి తెచ్చినోళ్లంతా నన్ను కాదని వాన్నే అడగతాంటే కడుపు మండి, పట్టుకోమంటాండాడని తెలిసే ఇడిసినా!"